లియోన్ గోల్డ్‌మన్

లియోన్ గోల్డ్‌మన్ (డిసెంబర్ 7, 1905 - డిసెంబర్ 2, 1997) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సుప్రసిద్ధ చర్మవైద్యుడు, పరిశోధకుడు. లేజరు కాంతిని వైద్యరంగంలో ప్రవేశపెట్టిన వారిలో అగ్రగణ్యుడు కావడంచేత ఈయనను లేజరు వైద్యానికి పితామహునిగా పేర్కొంటారు. స్వయంగా దంతవైద్యుడు కాకపోయినప్పటికీ, సజీవమైన మానవ దంతంపై మొట్టమొదటిసారి లేజరును ప్రయోగించిన ఘనత ఈయనకే దక్కింది. 1965లో జరిగిన ఆ ప్రయోగానికి తన పంటిని అప్పగించినవాడు ఈయన సోదరుడు, దంతవైద్యుడు అయిన బెర్నార్డ్ గోల్డ్‌మన్. ఆ ప్రయోగంలో నొప్పి కలుగలేదు. అయినప్పటికీ పుచ్చిన పంటిని లేజరుతో తొలిచే చికిత్సకు అమెరికాలో అనుమతి లభించడానికి మరో 32 సంవత్సరాలు పట్టింది. గోల్డ్‌మన్ జీవితంలోని చివరి మూడు దశాబ్దాలు దాదాపుగా ఈ నిరీక్షణ కాలంతోనే ముడిపడి ఉన్నాయి.

== జీవిత విశేషాలు ==

గోల్డ్‌మన్ 1905 డిసెంబర్ 7న ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి నగరంలో జన్మించాడు. అదే నగరంలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యను అభ్యసించి 1929లో పట్టభద్రుడైనాడు. అనంతరం చర్మవ్యాధుల శాస్త్రాన్ని తన ప్రత్యేక రంగంగా ఎంచుకున్నాడు. కాలక్రమంలో అదే విశ్వవిద్యాలయంలో చర్మవ్యాధుల విభాగానికి అధిపతి అయినాడు. ఈయన వృత్తిజీవితంలో అధికభాగం జన్మస్థలమైన సిన్సినాటిలోనే గడిచింది.

లేజరు ఆవిష్కృతమయ్యే నాటికి గోల్డ్‌మన్ యాభై సంవత్సరాలు దాటిన అనుభవజ్ఞుడైన వైద్యుడు. అప్పటికే కొత్త ఔషధాలను, కొత్త పరికరాలను చర్మచికిత్సలో పరీక్షించి చూడడంలో ఈయనకు పేరుండేది. చర్మంపై మంటను, దురదను తగ్గించే హైడ్రోకార్టిసోన్ మందును 1950వ దశకపు తొలినాళ్ళలోనే అధ్యయనం చేశాడు. చర్మంపై కనిపించే మచ్చలను కోయకుండానే సూక్ష్మదర్శిని సాయంతో పైనుండి పరిశీలించే పద్ధతిని అదే దశకంలో ఉపయోగించిన వారిలో ఈయన ఒకడు. ఈ పద్ధతి తరువాతి కాలంలో డెర్మటోస్కోపీ అనే పేరుతో చర్మ కాన్సరు నిర్ధారణలో స్థిరపడింది. కాంతి చర్మంలోకి ఎంతవరకు ప్రవేశిస్తుంది, ఎక్కడ ఆగుతుంది అనే విషయంపై ఈయనకున్న ఆసక్తి ఈ విధంగా లేజరు కంటే ముందే మొదలైనది.

== లేజరు ఆవిర్భావము ==

లేజరుకు ఆధారమైన భౌతికసూత్రాన్ని 1917లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ ప్రతిపాదించాడు. ఉత్తేజిత స్థితిలో ఉన్న పరమాణువును తగిన కాంతికణం తాకినపుడు, అచ్చం అటువంటిదే మరొక కాంతికణం వెలువడుతుందని ఆ సూత్రం తెలుపుతుంది. దీనినే ఉద్దీపిత ఉద్గారము అంటారు. ఈ సూత్రాన్ని ఆచరణలో పెట్టి మొదటి లేజరును పనిచేయించినవాడు థియొడోర్ మైమన్. 1960 మే 16న కాలిఫోర్నియాలోని మాలిబు వద్ద గల హ్యూస్ పరిశోధనాలయంలో కృత్రిమ కెంపు కడ్డీని మెరుపు దీపంతో ఉత్తేజపరచి ఎర్రని లేజరు కాంతిని వెలువరించాడు. ఆ కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 694 నానోమీటర్లు.

సాధారణ దీపపు కాంతిలో అనేక రంగులు కలిసి ఉంటాయి, అది అన్ని దిక్కులకూ వ్యాపిస్తుంది. లేజరు కాంతి ఒకే రంగులో, ఒకే దిశలో సాగడం వలన దానిని కటకం ద్వారా సూదిమొనంత చోట కేంద్రీకరించవచ్చు. అయితే లేజరు కాంతి తాకిన ప్రతి వస్తువూ వేడెక్కదు. ఆ కాంతిని పీల్చుకొనే వస్తువు మాత్రమే వేడెక్కుతుంది. ఆర్థర్ షాలో అనే భౌతికశాస్త్రవేత్త దీనిని ఒక చిన్న ప్రదర్శనతో చూపేవాడు. రంగులేని బెలూను లోపల ముదురురంగు బెలూనును ఉంచి లేజరును ప్రయోగిస్తే, వెలుపలి బెలూను చెక్కుచెదరకుండా లోపలిది మాత్రమే పగిలేది. వైద్యంలో లేజరుకు గల ప్రయోజనమంతా ఈ లక్షణం మీదనే ఆధారపడి ఉంది.

== సిన్సినాటి ప్రయోగశాల ==

మైమన్ ఆవిష్కరణ జరిగిన మరుసటి సంవత్సరమే, అనగా 1961లో, గోల్డ్‌మన్ సిన్సినాటిలో లేజరు జీవవైద్య ప్రయోగశాలను స్థాపించాడు. వైద్యపరిశోధన కోసమే ప్రత్యేకించిన మొదటి లేజరు ప్రయోగశాలగా దీనికి గుర్తింపు ఉన్నది. ఆ రోజులలో లేజరు గురించి పత్రికలు మృత్యుకిరణమంటూ సంచలన వార్తలు వ్రాస్తున్నాయి. మరోవైపు దానిని దేనికి వాడాలో తెలియని వింత వస్తువుగా కొందరు శాస్త్రజ్ఞులు పరిగణిస్తున్నారు. ఈ రెండు ధోరణులకూ భిన్నంగా, సజీవ కణజాలంపై ఈ కాంతి కలిగించే ఫలితాన్ని కొలిచి నమోదు చేయడమే గోల్డ్‌మన్ ముందుగా చేపట్టిన పని. ఈయన బృందంలో వైద్యులతోపాటు భౌతికశాస్త్రవేత్తలు, ఇంజనీర్లు కూడా పనిచేశారు.

== చర్మముపై పరిశోధనలు ==

1963లో గోల్డ్‌మన్ బృందం చర్మంపై కెంపు లేజరు ప్రభావాన్ని వివరిస్తూ పరిశోధనా పత్రాలను ప్రచురించింది. నల్లని వెంట్రుకలు, నల్లని మచ్చలు వంటి వర్ణకం గల భాగాలు కాంతిని అధికంగా పీల్చుకొని దెబ్బతినగా, వాటి ప్రక్కనే ఉన్న లేతరంగు చర్మం చాలవరకు నిలిచి ఉండడాన్ని ఈ బృందం గమనించింది. ఇదే సూత్రంపై 1960వ దశకంలోనే పచ్చబొట్లను తొలగించే ప్రయత్నం కూడా జరిగింది. అత్యల్ప వ్యవధి గల కెంపు లేజరు మెరుపులతో పచ్చబొట్టు రంగు చెదిరిపోతుందని ఈయన చూపాడు.

ఈ ఫలితాలకు తగిన గుర్తింపు వెంటనే రాలేదు. పచ్చబొట్ల తొలగింపునకు ఈ పద్ధతి 1983లో గ్లాస్గో నగర వైద్యుల పరిశోధనతో మరల వెలుగులోకి వచ్చింది. అదే సంవత్సరం రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే వైద్యులు, కాంతి రంగునూ మెరుపు వ్యవధినీ తగిన విధంగా ఎంచుకొంటే కోరిన భాగాన్ని మాత్రమే వేడిచేయవచ్చునని సిద్ధాంతీకరించారు. గోల్డ్‌మన్ రెండు దశాబ్దాల క్రితం చర్మంపై గమనించిన దానికి ఈ సిద్ధాంతంతో స్పష్టమైన శాస్త్రీయ రూపం ఏర్పడినది.

== పంటి నిర్మాణము, పుచ్చు ==

దంతములపై గోల్డ్‌మన్ చేసిన ప్రయోగాలు అర్థం కావడానికి పంటి నిర్మాణాన్ని తెలుసుకోవడం అవసరం. పంటి పైపొరను ఎనామెల్ లేదా పింగాణి పొర అంటారు. ఇది మానవ శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం. దీని బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. దీని క్రింద డెంటిన్ పొర ఉంటుంది. ఇందులో బరువునుబట్టి ఖనిజం సుమారు 70 శాతం, నీరు సుమారు 10 శాతం ఉంటాయి. అన్నిటికంటే లోపల రక్తనాళాలు, నరాలు గల మెత్తని పల్ప్ ఉంటుంది. వాడుకలో పంటి నరం అని చెప్పేది దీనినే.

నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మార్చినపుడు ఎనామెల్‌లోని ఖనిజం కరిగి పుచ్చు ఏర్పడుతుంది. పుచ్చిన భాగం సాధారణంగా ముదురు రంగులో, చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన ఎనామెల్ తెల్లగా ఉంటుంది. అందువలన చర్మంపై నల్లమచ్చను ఎంచుకొన్నట్లే, పంటిలో కూడా లేజరు కాంతి పుచ్చును మాత్రమే ఎంచుకొని నశింపజేయగలదని ఆశించడానికి ఆస్కారం ఏర్పడింది. మరమర చప్పుడుతో, కంపనంతో, నొప్పితో రోగిని భయపెట్టే డ్రిల్లు అవసరం తప్పుతుందనే ఆశ కూడా దీనితో కలిసింది.

== దంతములపై ప్రయోగాలు ==

1964లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన రాల్ఫ్ స్టెర్న్, రైడర్ సాగ్నీస్ అనే పరిశోధకులు కెంపు లేజరు తాకిన ఎనామెల్ కరిగి గాజువలె గట్టిపడుతుందని ప్రకటించారు. ఆ విధంగా మారిన ఎనామెల్ ఆమ్లాన్ని మరింతగా తట్టుకొంటుందని వారి తరువాతి పరిశోధనలు సూచించాయి. అదే 1964లో గోల్డ్‌మన్ బృందం పంటి పుచ్చుపై లేజరు ప్రభావాన్ని గురించి నేచర్ పత్రికలో ఒక పత్రం ప్రచురించింది. ఊడదీసిన దంతాలపై జరిపిన ఈ ప్రయోగాలలో కొన్నిచోట్ల సుమారు 2 మిల్లీమీటర్ల రంధ్రాలు ఏర్పడగా, మరికొన్నిచోట్ల పుచ్చిన భాగం పూర్తిగా మాయమైంది. చుట్టూ ఉన్న ఎనామెల్ అంచు కొంత తెల్లబడింది.

ఊడదీసిన పన్ను నొప్పిని తెలుపలేదు. సజీవమైన పంటిపై ప్రయోగిస్తేనే ఆ విషయం తేలుతుంది. 1965లో గోల్డ్‌మన్ తన సోదరుడు బెర్నార్డ్ పంటిపై కెంపు లేజరును రెండు మెరుపులుగా ప్రయోగించాడు. బెర్నార్డ్‌కు నొప్పి తెలియలేదు. పంటి పైభాగంలో స్వల్పమైన నష్టం మాత్రమే కనిపించింది. చరిత్రలో లేజరు దంతచికిత్స పొందిన మొదటి వ్యక్తి ఒక దంతవైద్యుడు కావడం, చికిత్స చేసినవాడు చర్మవైద్యుడు కావడం విశేషం.

== ప్రయోగాల పరిమితులు ==

పంటి ఉపరితలంపై కనిపించిన ఫలితం ఆశాజనకంగా ఉన్నప్పటికీ, లోపల జరిగేది వేరుగా ఉన్నది. కెంపు లేజరు ఎర్రని కాంతిని తెల్లని ఎనామెల్ చాలా తక్కువగా పీల్చుకొంటుంది. పీల్చుకోబడని కాంతి ఎనామెల్‌ను, డెంటిన్‌ను దాటి లోపలి పల్ప్ వరకు చేరుతుంది. పుచ్చును మాడ్చివేయడానికి కావలసినంత శక్తిని ప్రయోగిస్తే ఆ వేడి కూడా లోనికి ప్రసరిస్తుంది.

బెర్నార్డ్ పంటిపై ప్రయోగం జరిగిన 1965వ సంవత్సరంలోనే ఈ ప్రమాదాన్ని తెలిపే రెండు ముఖ్యమైన పరిశోధనలు వెలువడ్డాయి. టేలర్, ష్క్లార్, రోబర్ అనే పరిశోధకులు జంతువుల దంతాలపై అధికశక్తి గల కెంపు లేజరును ప్రయోగించి, పల్ప్ తీవ్రంగా దెబ్బతినడాన్ని గమనించారు. జాక్, కోహెన్ అనే పరిశోధకులు కోతుల దంతాలను లేజరుతో కాక వేడితో పరీక్షించారు. పల్ప్ ఉష్ణోగ్రత 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగితే సుమారు 15 శాతం దంతాలలో, 11 డిగ్రీలు పెరిగితే సుమారు 60 శాతం దంతాలలో పల్ప్ తిరిగి కోలుకోలేదని వారు కనుగొన్నారు. పంటికి వేడి పుట్టించే ఏ పరికరాన్నైనా అంచనా వేయడానికి దంతవైద్యశాస్త్రంలో నేటికీ 5.5 డిగ్రీలనే ప్రమాణంగా పేర్కొంటారు.

నొప్పి లేకపోవడం, హాని లేకపోవడం ఒకటి కాదని ఈ పరిశోధనలన్నీ కలిసి నిరూపించాయి. పల్ప్ చనిపోయిన పన్ను కొంతకాలం ఏ బాధా చూపకుండా ఉండి, తరువాత చీము పట్టవచ్చు. ఈ కారణంగా 1960వ దశకం ముగిసేసరికి దంతాలను తొలవడానికి కెంపు లేజరు పనికిరాదని నిర్ధారణ అయింది. కాంతి తన లక్ష్యాన్ని తానే ఎంచుకొంటుందన్న గోల్డ్‌మన్ భావన సరియైనదే కాని, పంటికి తగిన కాంతి ఎరుపు కాదని తేలింది.

== భద్రతపై శ్రద్ధ ==

లేజరును ప్రోత్సహించిన గోల్డ్‌మన్, దాని ప్రమాదాలను గురించి హెచ్చరించడంలో కూడా ముందున్నాడు. కెంపు లేజరు కాంతిని కంటిలోని కటకం నేరుగా రెటీనాపై కేంద్రీకరించడం వలన ఒక్క మెరుపుతోనే చూపు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ప్రయోగశాలలో పనిచేసేవారి కళ్ళకు తగిన రక్షణ కల్పించడం, మెరిసే లోహపు వస్తువుల నుండి కాంతి పరావర్తనం చెందకుండా చూడడం, కణజాలం మాడినపుడు వెలువడే పొగను పీల్చకుండా జాగ్రత్తపడడం వంటి విషయాలు ఈయన రచనలలో ప్రముఖస్థానం పొందాయి. ఈయన సహచరుడు జేమ్స్ రాక్‌వెల్ తరువాతి కాలంలో లేజరు భద్రతా నిపుణునిగా ప్రసిద్ధి చెందాడు. అమెరికాలో లేజరు వాడకానికి జాతీయ భద్రతా ప్రమాణం 1973లో మొదటిసారి వెలువడింది. దంతవైద్యశాలలో లేజరు వాడేటపుడు వైద్యుడు, సహాయకులు, రోగి అందరూ ఆ తరంగదైర్ఘ్యానికి సరిపడే కళ్ళద్దాలు ధరించాలనే నియమం ఈ సంప్రదాయం నుండి వచ్చినదే.

== తరువాతి పరిణామాలు ==

పంటికి తగిన కాంతి కోసం అన్వేషణ అనేక దేశాలలో సాగింది. 1964లో బెల్ పరిశోధనాలయంలో పనిచేస్తున్న భారతీయ శాస్త్రవేత్త, మహారాష్ట్రలోని బారామతిలో జన్మించిన చంద్రకుమార్ పటేల్ కార్బన్ డయాక్సైడ్ లేజరును కనుగొన్నాడు. దీని కాంతి తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు. దీనిని నీరు బాగా పీల్చుకొంటుంది గనుక చిగుళ్ళు, నాలుక వంటి మెత్తని భాగాలను రక్తస్రావం తక్కువగా ఉండేటట్లు కోయడానికి ఇది ఉపయోగపడింది. అయితే ఆనాటి యంత్రాలతో గట్టి పంటిని తొలిస్తే ఎనామెల్ మాడి పగుళ్ళు వచ్చేవి.

1980వ దశకంలో మిచిగన్ రాష్ట్రానికి చెందిన దంతవైద్యుడు టెర్రీ మయర్స్, నేత్రవైద్యుడైన తన సోదరుడు విలియంతో కలిసి కంటిచికిత్సలో వాడే నియోడైమియం-యాగ్ లేజరును దంతాలపై పరీక్షించాడు. బెర్నార్డ్, లియోన్ గోల్డ్‌మన్‌ల తరువాత ఈ రంగంలో మరొక అన్నదమ్ముల జంట ఇది. వీరి కృషి ఫలితంగా దంతవైద్యశాలకై ప్రత్యేకంగా తయారైన లేజరు 1990లో చిగుళ్ళ చికిత్సకు అమెరికా ప్రభుత్వ అనుమతి పొందింది.

గట్టి పంటిని తొలిచే సమస్యను పరిష్కరించినది ఎర్బియం-యాగ్ లేజరు. జర్మనీలోని ఉల్మ్ నగరానికి చెందిన రైముండ్ హిబ్‌స్ట్, ఉల్రిచ్ కెల్లర్ 1989లో దీని ప్రభావాన్ని వివరించారు. 2,940 నానోమీటర్ల వద్ద వెలువడే ఈ కాంతిని నీరు అత్యధికంగా పీల్చుకొంటుంది. పంటిలోని కొద్దిపాటి నీరు క్షణంలో ఆవిరిగా మారి వ్యాకోచించి, చుట్టూ ఉన్న ఖనిజాన్ని చిన్న చిన్న రేణువులుగా పెళ్ళగిస్తుంది. పుచ్చిన భాగంలో ఆరోగ్యకరమైన భాగం కంటే నీరు ఎక్కువగా ఉండడం వలన అది మరింత సులువుగా తొలగిపోతుంది. పైనుండి నీటి తుంపరలు పడుతూ ఉండడంచేత వేడి పల్ప్ వరకు చేరదు. ఆ విధంగా గోల్డ్‌మన్ బృందం రంగు భేదంలో వెదికిన ఎంపిక చివరకు నీటి భేదంలో లభించింది. 1997 మే నెలలో అమెరికా ఆహార, ఔషధ పరిపాలనా సంస్థ ఎర్బియం-యాగ్ లేజరుతో పుచ్చును తొలగించే చికిత్సకు అనుమతినిచ్చింది. గోల్డ్‌మన్ మరణానికి అది ఏడు నెలల ముందు.

== తెలుగు ప్రాంతములో దంత లేజరు ==

భారతదేశంలో లేజరు మొదట కంటి చికిత్సలోను, చర్మ చికిత్సలోను వ్యాపించి, తరువాత దంతవైద్యంలోకి వచ్చింది. తెలుగు ప్రాంతపు దంతవైద్యశాలలలో ఎక్కువగా కనిపించేది డయోడ్ లేజరు. ఇది 800 నుండి 980 నానోమీటర్ల మధ్య కాంతిని ఇస్తుంది. చిగుళ్ళను సరిచేయడానికి, నాలుక క్రింది పొరను విడదీయడానికి, నోటిపూత బాధను తగ్గించడానికి దీనిని వాడతారు. ఇది పంటి గట్టిభాగాన్ని తొలవలేదు. పుచ్చును తొలిచే ఎర్బియం లేజరు యంత్రం ఖరీదైనది కావడంచేత దాని వాడకం పరిమితంగా ఉన్నది. లేజరు చికిత్స అన్నంతమాత్రాన డ్రిల్లు అవసరం లేదని రోగులు భావించడానికి ఈ తేడా తెలియకపోవడమే ముఖ్యకారణం. లోహపు ఫిల్లింగును తీయడానికి, పంటికి తొడుగు వేసే ముందు అరగదీయడానికి ఎర్బియం లేజరు ఉన్నచోట కూడా డ్రిల్లునే వాడతారు.

నిజామాబాదు జిల్లాలో వర్ని రోడ్డులోని మల్లారం వద్ద మేఘన దంతవైద్య కళాశాల ఉన్నది. మోస్రా, వర్ని, బోధన్ ప్రాంతాల ప్రజలకు దగ్గరలో ఉన్న దంతవైద్య బోధనాలయం ఇది. ఈ ప్రాంతం ఒకప్పుడు చెరకు సాగుకు, బోధన్‌లోని నిజాం చక్కెర కర్మాగారానికి పేరుపొందినది. చెరకు పండినా పండకపోయినా, రోజంతా కొద్దికొద్దిగా తీపి తినే అలవాటు ఎక్కడైనా పిప్పిపళ్ళకు దారితీస్తుంది. ఏర్పడిన పుచ్చును మాత్రమే లేజరు తొలగించగలదు. కొత్తది రాకుండా చేయడానికి ఫ్లోరైడు గల టూత్‌పేస్టుతో రోజుకు రెండుసార్లు పళ్ళు తోముకోవడం, తీపి పదార్థాలను తగ్గించడం అవసరం. అయితే త్రాగునీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న గ్రామాలలో చిన్నపిల్లలకు ఏ టూత్‌పేస్టు వాడాలో దంతవైద్యుని సలహా తీసుకోవలసి ఉంటుంది.

== రచనలు, సంస్థలు ==

గోల్డ్‌మన్ అనేక పరిశోధనా పత్రాలతో పాటు పలు గ్రంథాలను వ్రాశాడు. కాన్సరుపై లేజరు పరిశోధనలను వివరించే గ్రంథం 1966లో, జీవవైద్యంలో లేజరు పాత్రను గురించిన గ్రంథం 1967లో, జేమ్స్ రాక్‌వెల్‌తో కలిసి వ్రాసిన వైద్యంలో లేజరులు అనే గ్రంథం 1971లో వెలువడ్డాయి. వీటిలో చర్మం, కన్ను, దంతాలపై ప్రభావాలతోపాటు భద్రతా నియమాలకు కూడా స్థానం లభించింది. ఎనభై సంవత్సరాల వయసు దాటిన తరువాత కూడా ఈయన గ్రంథరచన కొనసాగించాడు. శస్త్రచికిత్సేతర వైద్యంలో లేజరును గురించిన గ్రంథం 1991లో వచ్చింది. లేజరు వైద్య, శస్త్రచికిత్సల అమెరికా సంఘాన్ని స్థాపించినవారిలో ఈయన ఒకడు. చర్మవైద్యులు, శస్త్రవైద్యులు, దంతవైద్యులు, భౌతికశాస్త్రవేత్తలు ఒకేచోట కూడి తమ ఫలితాలను, వైఫల్యాలను చర్చించుకొనే వేదికగా ఆ సంఘం రూపుదిద్దుకొంది.

== మరణము, ప్రాముఖ్యము ==

గోల్డ్‌మన్ 1997 డిసెంబర్ 2న, 92వ జన్మదినానికి ఐదు రోజుల ముందు, మరణించాడు. ఈయన జీవితకాలంలో లేజరు, వార్తాపత్రికల మృత్యుకిరణం స్థాయి నుండి పుట్టుమచ్చలను, కంటిలోని రక్తనాళాలను, చిగుళ్ళను, చివరకు పంటి పుచ్చును సరిచేసే సాధనంగా మారింది.

దంతవైద్య చరిత్రలో గోల్డ్‌మన్ స్థానం ప్రత్యేకమైనది. ఈయన వాడిన కెంపు లేజరు దంతచికిత్సలో నిలువలేదు. ఈయన సోదరుని పంటిపై జరిగిన ప్రయోగం చికిత్సా పద్ధతిగా కొనసాగలేదు. ఏ కాంతి ఏ కణజాలంలో ఎంత ఇంకుతుందో ముందుగా కొలిచి, ఆ తరువాతనే రోగిపై ప్రయోగించాలన్న పద్ధతి మాత్రం నిలిచింది. తరువాతి పరిశోధకులు పంటికి సరియైన కాంతిని కనుగొన్నది ఈ మార్గంలోనే.